ఫారంలో రాయని జబ్బు

మొగుడంపల్లిలోనూ, చుట్టూ ఉన్న తండాల్లోనూ, కర్ణాటక హద్దు దాకా పోయే పల్లెల్లోనూ బీమా పాలసీలు కట్టిస్తూ బతికినవాణ్ణి. ఎవరికి చక్కెర జబ్బు ఉందో, ఎవరికి బీపీ ఉందో, ఎవరింట్లో పెళ్లి ఖర్చుకు ఎంత దాస్తున్నారో నాకు తెలిసేది. రెండు సంగతులు మాత్రం ఏ ఇంట్లోనూ నోరు విప్పి చెప్పేవారు కాదు. ఒకరికి మనసు బాగాలేదన్నది ఒకటి, ఒకరు మత్తు విడవలేకపోతున్నారన్నది రెండోది. ఎవరైనా చెప్పినా, ఆ మాటను నేను ఫారం మీదికి రానిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు పని మానేశాను. కొత్తగా ఏజెన్సీ తీసుకున్న పిల్లలు, క్లెయిమ్ తిరిగొచ్చి ఏం చేయాలో తోచని ఇళ్ల పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. చావుకు బీమా అంటే తలూపే ఊరు మనసుకు బీమా అంటే ముఖం తిప్పుకుంటుంది.

2018 ఆగస్టు 15న తెలంగాణలో రైతు బీమా మొదలైంది. పట్టాదారు పాసు పుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. ప్రీమియం సర్కారే కడుతుంది. పాము కరిచినా, గుండె ఆగినా, పురుగుమందు తాగినా తేడా లేదు. కౌలు రైతుల సంగతేమిటని అడిగినవాళ్లు ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనది. కానీ "తాగి తాగి పోయినోనికి మన పైసలెందుకు" అన్న మాట నేను ఒక్కచోట కూడా వినలేదు. చావు ముందు ఊరు అంత పెద్ద మనసు చూపుతుంది.

అదే రైతు చనిపోవడానికి కొన్ని నెలల ముందు ఎలా ఉన్నాడో తలుచుకోండి. రాత్రిళ్లు నిద్ర లేదు. పొద్దున లేచి చేను గట్టున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడు. పిల్లలతో మాట తగ్గింది, కల్లు దుకాణంలో కూర్చోవడం పెరిగింది. ఆ రోజుల్లో ఆయన్ను ఒక మానసిక వైద్యుడికి చూపించే ఖర్చు 5 లక్షల్లో ఎన్నో వంతు? ఆ ఖర్చు కూడా బీమాలోకి రావాలని హోటల్ దగ్గర నలుగురిలో అంటే నాకు దొరికిన జవాబులు రెండే. "గాయినకు మెంటల్ అని ఊరంత చాటుతవా?" అన్నది మొదటిది. "తాగుబోతులకు మన పైసల్తోటి దవాఖానానా?" అన్నది రెండోది. 

రెండో మాట న్యాయంగా వినిపిస్తుంది కాబట్టి దాన్ని కొంచెం ఆగి చూడాలి. గుట్కా నమిలినవాడికి నోటి క్యాన్సర్ వస్తే ఆరోగ్యశ్రీ వైద్యం చేయిస్తుంది. "ఎందుకు నమిలావు" అని అడగదు. అడగకపోవడమే ధర్మం. పథ్యం పాటించని చక్కెర రోగికి కాలు తీసేయాల్సి వస్తే బీమా డబ్బు కడుతుంది. అలవాటు వల్ల వచ్చిన జబ్బులన్నిటికీ మనం కలిసి ఖర్చు భరిస్తూనే ఉన్నాం. ఒక్క మత్తు దగ్గరే లెక్క మారుతోంది. పైగా సీసా కొన్న ప్రతివాడూ ఎక్సైజ్ పన్ను కట్టాడు. ఆ రాబడి మీద రాష్ట్ర బడ్జెట్ నడుస్తోంది. తాగినన్నాళ్లూ డబ్బు తీసుకున్న సమాజం, మానాలనుకున్న రోజున "అది నీ తప్పు" అని తలుపు వేసుకోవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

2. ఫారం మీద దాచిన జబ్బు క్లెయిమ్ రోజున బయటికొస్తుంది.

మా వైపు అల్లం, ఆలుగడ్డ, చెరకు వేసేవాళ్లు ఎక్కువ. అల్లం ధర పడిపోయిన ఒక ఏడాది ఒక రైతుకు నిద్ర పోయింది. బీదర్‌లో ఒక డాక్టరు దగ్గర మందులు వాడాడు, కొంత కుదుటపడ్డాడు. నేను పాలసీ రాయడానికి వెళ్లినప్పుడు ఆయన భార్యే ఆ చీటీలు తెచ్చి చూపించింది. "వదినా, ఈ ముచ్చట రాస్తే పాలసీ రాదు, లోపల పెట్టు" అన్నాను. మానసిక చికిత్స తీసుకున్నారా అన్న గడిలో లేదు అని రాశాను. ఆయన వేలు చూపిన చోట సంతకం పెట్టాడు. రెండేళ్లు తిరక్కుండా గుండెపోటుతో పోయాడు. విచారణకు వచ్చినవాళ్లకు బీదర్ చీటీలు దొరికాయి. వాస్తవం దాచారని క్లెయిమ్ తిరస్కరించారు. "అన్నా, నేను చూపెట్టిన గదా, నువ్వే గదా వద్దన్నవ్" అని ఆమె అడిగిన రోజు నేను ఏమీ చెప్పలేకపోయాను. నా కమీషన్ నాకు ముట్టింది, ఆమెకు రావాల్సింది రాలేదు. ఆ తర్వాత కూడా ఆ గడప ముందు నుంచి పోతుంటే కాళ్లు బరువెక్కేవి.

ఆ తప్పు చేసింది నేనొక్కణ్ణే కాదు. ఏజెంట్లందరికీ అది మామూలు. నిజం రాస్తే ఫారం వెనక్కి వచ్చే రోజులవి. ఇప్పుడు పరిస్థితి మారింది, అందుకే చెబుతున్నాను. జీవిత బీమాలో పాలసీ మొదలై మూడేళ్లు నిండాక కంపెనీ ఏ కారణం చూపీ దాన్ని ప్రశ్నించకూడదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. 2015 సవరణతో వచ్చిన మాట ఇది. ఆరోగ్య బీమాలో వరసగా ఐదేళ్లు ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, చెప్పని జబ్బు పేరుతో క్లెయిమ్ ఆపలేరు. ముందే ఉన్న జబ్బుకు వేచి ఉండాల్సిన గడువు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. కాబట్టి బిడ్డా, ఉన్నది ఉన్నట్టు రాయించు. ప్రీమియం కొంత పెరగొచ్చు, మూడేళ్లు ఆగమనొచ్చు. ఆ మూడేళ్ల తర్వాత ఆ పాలసీ గట్టిగా నీ పక్కన నిలబడుతుంది.

3. కల్లు తాగడం అలవాటు, మానలేకపోవడం రోగం.

పొలం పని ముగిశాక ఆడా మగా కూర్చుని కల్లు తాగడం మా ప్రాంతంలో తరాల నాటిది. దాన్ని నేను తప్పు పట్టను. చెట్టు కల్లు సంగతి వేరు, దుకాణం కల్లు సంగతి వేరు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటును మందులతో పూడ్చారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం. ఆల్ప్రాజోలం ఆందోళనకు, నిద్రలేమికి డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మాత్ర. కల్లు తాగుతున్నానని అనుకునేవాడు రోజూ ఆ మందు మింగుతున్నాడు. ఎంత మింగుతున్నాడో అతనికీ తెలియదు, పోసేవాడికీ సరిగ్గా తెలియదు. కొన్నాళ్లకు ఒళ్లు దానికి లొంగిపోతుంది. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, చెవిలో మాటలు వినిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 

2015లో సర్కారు కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లందరికీ గుర్తే. దుకాణాల్లో మందు కలపడం ఆగింది, ఆసుపత్రుల్లో మంచాలు నిండాయి. తమలో తాము మాట్లాడుకునేవాళ్లు, కట్టు తప్పి పరిగెత్తేవాళ్లు, తాళ్లతో కట్టి తెచ్చినవాళ్లు. ఊళ్లలో పిచ్చి లేచిందన్నారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు, సారాయి, సీసా అన్నీ ఒకేసారి బందయ్యేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు మళ్లీ అదే వరస. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. 

నేను ఆ 2015 రోజుల్లో మా ఊరి మనిషినొకణ్ణి జీపులో సంగారెడ్డి దాకా పట్టుకుని పోయాను. దారిలో అందరం తిడుతూనే ఉన్నాం. "నోరు కట్టుకోరాదా" అని. అతను వణుకుతూ "నేనేం తాగిన పటేలా, కల్లే గదా" అన్నాడు. అప్పుడు నాకు వినబడలేదు, ఇప్పుడు వినిపిస్తుంది. ఎవరో కలిపిన మందుకు తెలియకుండా బానిసైనవాణ్ణి మనం దోషిని చేశాం. ఆ మందు కలిపినవాడి మీద కేసు పెట్టడం పోలీసుల పని. దాని నుంచి ఒంటిని మెల్లగా విడిపించడం డాక్టరు పని. ఈ రెండో పనికి ఎవరు డబ్బు కడతారన్నది బీమా ప్రశ్న. ఇంట్లో తలుపేసి మాన్పించడం ప్రమాదమన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆల్ప్రాజోలం గానీ సారా గానీ బాగా అలవాటైనవాడికి ఒక్కరోజులో ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మోతాదు తగ్గిస్తూ ఆసుపత్రిలో చేయాల్సిన పని అది.

4. చట్టం రోగమన్నదాన్ని పాలసీ కాగితం ఇంకా తప్పనే అంటోంది.

ఈ సంగతి కొంచెం నిదానంగా చదవండి. నేను కూడా పని మానేశాకే పూర్తిగా అర్థం చేసుకున్నాను.

2017లో పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 21వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఒక్క వాక్యం. ఒంటి జబ్బులకు ఏ ప్రాతిపదిక మీద వైద్య బీమా ఇస్తారో, అదే ప్రాతిపదిక మీద మానసిక జబ్బులకూ ప్రతి బీమా కంపెనీ ఇవ్వాలి. ఇంత సూటిగా చెప్పిన చట్టాలు తక్కువ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అదే ఏడాది ఆగస్టు 16న కంపెనీలకు పాటించమని రాసింది. అయినా కంపెనీలు సాగదీశాయి. ఒక మహిళ తన చికిత్స ఖర్చు ఇవ్వలేదని కోర్టుకెక్కితే, 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. చట్టం వచ్చిన రోజు నుంచే ఆ హక్కు ఉందని కంపెనీకి గుర్తు చేసింది. చివరికి 2022 అక్టోబరులో ఐఆర్‌డీఏఐ గడువు పెట్టింది. ఆ నెల 31 లోపు అన్ని పాలసీల్లోనూ మానసిక జబ్బులకు కవరేజీ ఉండి తీరాలని. 

ఇక్కడిదాకా మంచి కథే. ఇప్పుడు అదే చట్టం రెండో సెక్షన్ తెరవండి. మానసిక రోగం అంటే ఏమిటో అక్కడ నిర్వచించారు. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా అందులోకి వస్తాయని స్పష్టంగా ఉంది. అంటే చట్టం దృష్టిలో అది రోగమే. తర్వాత మీ ఇంట్లో ఉన్న ఆరోగ్య పాలసీ తీసి మినహాయింపుల జాబితా చూడండి. 2019 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే రకం మినహాయింపులు ఉండాలని పాఠం తయారు చేసి ఇచ్చింది. వాటిలో పన్నెండోది మద్యపానం, మాదకద్రవ్యాల వాడకం, ఏ రకమైన వ్యసనమైనా, వాటి పర్యవసానాలు, వీటి చికిత్సకు డబ్బు ఇవ్వం అంటుంది. పర్యవసానాలు అన్న ఆ ఒక్క మాటతో లివర్ జబ్బు దాకా లాగొచ్చు. కల్తీ కల్లుతో ఫిట్స్ వచ్చినవాణ్ణి కూడా లాగొచ్చు. 

ఒక చట్టం రోగమని రాసింది. ఆ చట్టం కింద పనిచేయాల్సిన సంస్థ తప్పని రాసింది. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే రోగి మీద, ఒకేసారి అమల్లో ఉన్నాయి. దీన్ని నేను బీమా కంపెనీల కుట్ర అనను. హోటల్ దగ్గర మనం అనే మాటనే వాళ్లు అచ్చు వేశారు. మన ఊరి అభిప్రాయం మారకుండా ఆ పన్నెండో అంశం మారదు.

విచిత్రం ఏమిటంటే, పేదల కోసం 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల జాబితాలో మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక రుగ్మతలు ఉన్నాయి. తెలంగాణ 2021లో ఆ పథకంలో చేరింది. సర్కారు బీమా రోగమని ఒప్పుకున్నదాన్ని, సొంత డబ్బుతో కొనుక్కున్న పాలసీ ఒప్పుకోవడం లేదు. మన పిల్లలు వెళ్లి స్థిరపడిన అమెరికాలో కూడా ఇదే వాదన దశాబ్దాలు నడిచింది. 2008లో అక్కడ చేసిన చట్టం పేరులోనే మానసిక ఆరోగ్యం, వ్యసనం రెండూ కలిపి పెట్టారు. బృంద బీమాలో ఆ రెండిటికీ కవరేజీ ఇచ్చే కంపెనీ, ఒంటి జబ్బులకన్నా కఠినమైన షరతులు పెట్టకూడదన్నారు. దానికోసం పట్టుబట్టిన సెనేటర్ పీట్ డొమెనిచి కూతురికి స్కిజోఫ్రేనియా ఉంది. పదవిలో ఉన్న పెద్దమనిషి తన ఇంటి సంగతి దాచకుండా చెప్పాడు. మన దగ్గర అలా చెప్పిన నాయకుణ్ణి నేను చూడాలనుకుంటున్నాను.

5. డాక్టరుతో అబద్ధం రాయిస్తే డబ్బు వస్తుంది, వైద్యం పోతుంది.

నా మేనల్లుడు పటాన్‌చెరులో ఉద్యోగం చేసేవాడు. కంపెనీ గ్రూపు పాలసీ ఉంది. తాగుడు ముదిరి, వణుకుతో నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ ఎవరో సలహా ఇచ్చారు, "ఆల్కహాల్ అని రాస్తే క్లెయిమ్ రాదు, గ్యాస్ట్రైటిస్ అని రాయిద్దాం" అని. బీమా తెలిసినవాణ్ణి కాబట్టి అందరూ నా మొహం చూశారు. నేను సరే అన్నాను. కడుపునొప్పి అని రాశారు, డబ్బు వచ్చింది, అతను మూడు రోజుల్లో ఇంటికొచ్చాడు. కాగితం మీద లేని జబ్బుకు కౌన్సెలింగ్ ఎవరు రాస్తారు? తాగాలన్న కోరిక తగ్గించే మందులు ఎవరిస్తారు? మళ్లీ రావాల్సిన తేదీ ఎవరు పెడతారు? ఆ తర్వాత మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు కొత్త డాక్టరు పాత కాగితం చూసి కడుపుకే మందు రాశాడు. నిజం చెప్పేసరికి చాలా కాలం వృథా అయింది. 

ఇప్పుడు అతను బాగానే ఉన్నాడు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, మామూలు ఓపీ క్యూలో నిలబడి, నిజం పేరుతో వైద్యం తీసుకుని బాగుపడ్డాడు. ఒక సంగతి చెప్పాలి. ఇలా రాయించిన అబద్ధాలన్నీ కలిసి దేశం లెక్కల్ని కూడా తప్పు చేస్తున్నాయి. వ్యసనానికి చికిత్స అడిగేవాళ్లే లేరని కంపెనీలు అనగలుగుతున్నాయంటే, అడిగినవాళ్లంతా కడుపునొప్పి పేరుతో వెళ్లారు కాబట్టే. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2019లో ప్రకటించిన సర్వేలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. మిగిలినవాళ్లంతా ఎక్కడున్నారో నాకు తెలుసు. మన ఇళ్లలో, వెనక గదుల్లో ఉన్నారు.

6. మంచం ఎక్కితేనే డబ్బిచ్చే బీమా మనసుకు సగమే పనికొస్తుంది.

గుండెకు స్టెంట్ వేస్తే నాలుగు రోజుల్లో బిల్లు తేలిపోతుంది. మనసు జబ్బు అలా కాదు. నెలకోసారి డాక్టరు, రోజూ మాత్రలు, వారానికో పక్షానికో మాట్లాడే కౌన్సెలర్, ఇలా ఏళ్లు సాగుతుంది. మన ఆరోగ్య పాలసీల్లో ఎక్కువ భాగం 24 గంటలు ఆసుపత్రిలో చేరితేనే మాట్లాడతాయి. ఓపీ ఖర్చు ఇచ్చే పాలసీలు ఉన్నా, పల్లెలో కొనేవాళ్లు అరుదు. కాబట్టి కవరేజీ ఉందన్న ఒక్క మాటకు సంతోషపడకండి. ఓపీకి ఎంత, మందులకు ఎంత, కౌన్సెలింగ్‌కు ఎంత అని అడగండి. ఏజెంటు చెప్పలేకపోతే పాలసీ పత్రం చూపించమనండి.

పేదవాళ్లకు ఒక మాట. తెల్ల రేషన్ కార్డు చేతిలో లేకపోయినా, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న మానసిక రోగికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం చేయాలని 2017 చట్టం చెబుతోంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మత్తు విషయానికి 14446 ఉంది.

7. ఆడవాళ్ల కాగితాలు ఇంకా లోతున దాస్తారు.

కొడుకు తాగితే ఇల్లంతా కలిసి సాకు చెబుతుంది. కోడలికి కాన్పు తర్వాత మనసు బాగాలేకపోతే ఆమెను పుట్టింటికి పంపుతారు. ఆమె పేరు మీద ఎక్కడా ఆసుపత్రి చీటీ ఉండకూడదు. ఉంటే రేపు విడాకులకు అదే కాగితం తీస్తారని పుట్టింటివాళ్లకూ భయమే. ఆరోగ్యశ్రీ కౌంటరు దాకా వచ్చి, పేరు రాస్తారని వెనక్కి పోయిన తల్లీకూతుళ్లను నేను చూశాను. వైద్య వివరాలు రోగి అనుమతి లేకుండా బయటికి చెప్పకూడదని అదే 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతోందని వాళ్లకు ఆ రోజు నేను చెప్పి ఉండాల్సింది. నాకే తెలియదు.

దాచడం ఎంతదాకా పోతుందో ఏర్వాడి చూపించింది. తమిళనాడులో ఆ దర్గా ఊరిలో ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 2001 ఆగస్టు 6న మంటల్లో చిక్కుకున్నారు. గొలుసులు విప్పుకుని పారిపోలేక 28 మంది చనిపోయారు. మా ప్రాంతంలోనూ దర్గాలకు, గుడులకు రోగుల్ని తీసుకెళ్లేవాళ్లు చాలామంది. దేవుడి దగ్గరికి వెళ్లడాన్ని నేను ఎప్పుడూ ఆపలేదు, ఇప్పుడూ ఆపను. మొక్కు మొక్కండి, మాత్ర కూడా వేయండి. గొలుసు మాత్రం వేయకండి. అది ఇప్పుడు చట్టరీత్యా నిషేధం కూడా.

8. మొదలు మన జిల్లాలోనే పడింది, మనకే తెలియలేదు.

ఈ సంగతి తెలిసినప్పుడు నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. మానసిక వైద్యం పెద్దాసుపత్రుల్లోనే ఉండిపోకుండా పల్లె దాకా రావాలని కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అంతకుముందు బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి చేసిన ప్రయోగమే దానికి నమూనా. 1996లో దేశం మొత్తం మీద తొలిగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో ఒకటి మెదక్. అప్పుడు జహీరాబాద్ మెదక్ జిల్లాలోదే. మొగుడంపల్లి జహీరాబాద్ మండలంలో ఒక ఊరు. 2016లో సంగారెడ్డి జిల్లా వచ్చాక మండలమైంది.

అంటే నేను గడప గడపకూ తిరిగి "ఆ ముచ్చట రాయొద్దు" అంటున్న రోజుల్లోనే, ఆ ముచ్చటకు వైద్యం చేయడానికి దేశం మా జిల్లాను ముందు వరసలో పెట్టింది. మేమెవరం ఆ సంగతి ఎరగం. తెలిసిన దారి ఒక్కటే, బొంబాయి రోడ్డు మీద బస్సెక్కి ఎర్రగడ్డ. ఆ పేరు కూడా మాకు ఒకరినొకరం తిట్టుకోవడానికే పనికొచ్చేది. "ఎర్రగడ్డకు తోలాలె వీణ్ణి" అని నేనూ ఎందరినో అన్నాను. అదే మాట విన్న పిల్లవాడు రేపు తనకు అవసరం పడ్డ రోజు అక్కడ బస్సు దిగుతాడా? సౌకర్యం ఒక్కటే ఉంటే చాలదు, పోవడానికి మొహం చెల్లాలి. బీమా కాగితం ఆ మొహాన్ని ఇస్తుంది. ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు గుండె ఆపరేషన్ విషయంలో మా ఊళ్లో సరిగ్గా అదే జరిగింది. అంతకుముందు "మన అసొంటోళ్లకు ఏడిది" అనేవాళ్లు, కార్డు చూపించి నిమ్స్‌కు పోవడం మొదలుపెట్టారు. జాబితాలో జబ్బు పేరు ఉంటే అది అడగదగ్గ జబ్బు అవుతుంది.

9. తిరస్కరణ కాగితం వచ్చాకే అసలు పని మొదలవుతుంది.

నా కాలంలో క్లెయిమ్ తిరిగొస్తే జనం ఏజెంటును తిట్టి ఊరుకునేవారు. మీరు ఊరుకోకండి. ఏ అంశం కింద కాదన్నారో నంబరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. మానసిక రోగం అన్న కారణం ఒక్కటే చూపి కాదన్నట్టయితే 21వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ అని దరఖాస్తులో రాయండి. ఆ ఒక్క ముక్క రాసిన దరఖాస్తును పక్కన పెట్టడం కష్టం. 

వ్యసనం కేసులో మాత్రం నిజం చెప్పాలి. పన్నెండో మినహాయింపు పాలసీలోనే అచ్చయి ఉంది కాబట్టి అంబుడ్స్‌మన్ దగ్గర ఓడిపోయే అవకాశమే ఎక్కువ. అయినా నిజం పేరుతోనే వేయండి, కడుపునొప్పి పేరుతో వద్దు. ఓడిన కాగితాలు దాచండి. ఆ మినహాయింపు పాఠం రాసిన ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఉంది. జహీరాబాద్ నుంచి ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాం. నా మేనల్లుడు, కల్తీ కల్లు బారిన పడ్డ రెండు ఇళ్లవాళ్లు, నేను కలిసి ఒక అర్జీ రాస్తున్నాం. అడుగుతున్నవి రెండే. డాక్టరు చీటీ ప్రకారం తీసుకునే మత్తు విడుపు చికిత్సను ఆ పన్నెండో అంశం నుంచి తీసేయండి. తెలియకుండా కల్తీకి గురైనవాణ్ణి విషప్రయోగానికి గురైనవాడిగా చూడండి. సంతకం పెట్టడానికి ఊళ్లో ఇంకా కొందరు వెనకాడుతున్నారు, తమ పేరు చూసి ఎవరేమనుకుంటారో అని. వాళ్ల కోసం ఆగుతున్నాం.